పాపన్న కోటకు పిల్లలతో

హైదరాబాదునుండి ఓరుగల్లునకు పోవు రైలుమార్గమున జనగామ దాటిన పిమ్మట రఘునాథపల్లి యను చిన్న స్టేషను వచ్చును. వడిగా పోవు బండ్లలోని ప్రయాణికులు దానిని గమనించుట అరుదు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిదై, 2016వ సంవత్సరమునుండి జనగామ జిల్లాలో చేరిన ఈ రఘునాథపల్లి మండలమునందే ఖిలాషాపురమను గ్రామము కలదు. ఊరి పేరులోనే కోట యున్నది. ఖిల్లా యనగా కోట. షాపురపు కోటయే ఖిలాషాపురము. గుండ్రని బురుజులు, ఎత్తైన రాతిగోడలు, అక్కడక్కడ కూలి కుప్పపడిన బండలు. ఇంటిల్లిపాదియు కలిసి ఒక సెలవుదినమును గడపుటకు ఈ ప్రాంతమున ఇంతకంటె కథగల చోటు మరియొకటి లేదు.

చిన్నపిల్లలను పాడుపడిన కోటకు తీసికొనిపోవుట తల్లిదండ్రుల ఓర్పునకు ఒక పరీక్ష. పెద్దలు నీడ ఎక్కడ నున్నదా యని చూచునప్పటికి పిల్లలు బురుజు సగము ఎక్కి యుందురు. గోడమీద పట్టుకొనుటకు ఆధారముండదు. కదలు రాయి ఏదో, కదలనిది ఏదో కాలు పెట్టినగాని తెలియదు. వానకాలమున రాతిపై పాకుడు పట్టును. చంటివానిని భుజముపై నెత్తుకొన్న తండ్రి, ఐదేండ్లదాని చేయి విడువని తల్లి, ఎవరిమాటయు వినక ముందు పరుగెత్తు పదేండ్లవాడు — ఇట్టి పరివారము ఎట్లో పైకి చేరి, తెచ్చుకొన్న మూటలు విప్పుకొని, చుట్టునున్న పొలములను, తాటివనములను చూచుచు కూర్చుండును. అప్పుడు తప్పక వచ్చు ప్రశ్న ఒకటి కలదు. ఈ కోట ఏ రాజుది?

రాజుది కాదు. కల్లుగీచు కులమున పుట్టిన సర్వాయి పాపన్నది.

ఈ సమాధానము విన్న పిల్లవాడు ఊరకుండడు. తాటిచెట్టు ఎక్కువాడు కోట ఎట్లు కట్టెననును. ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పవలెనన్న పాపన్న జీవితమంతయు చెప్పవలసి యుండును. చెప్పుట అంత సుళువు కాదు. అందు పిల్లలు చప్పట్లు చరచు ఘట్టములున్నవి. పెద్దలు గొంతు తగ్గించుకొనవలసిన ఘట్టములును ఉన్నవి.

పాపన్న కథ మనకు రెండు త్రోవలలో దక్కినది. ఒకటి మొగలుల చరిత్ర వ్రాసిన ఖాఫీఖాను గ్రంథము. అతడు దొరతనమువారి పక్షమువాడు. అతనికి పాపన్న ఒక దారిదోపిడీగాడు, నీచకులజుడు. అయినను ఆ వ్రాతలో తేదీలు, సైన్యముల లెక్కలు, ఊళ్ళ పేర్లు ఉన్నవి. రెండవది పల్లెలలో పాడుకొన్న వీరగాథ. అందు తేదీలు లేవు. తల్లి యున్నది, తోడివారున్నారు, గోలకొండను కొట్టవలెనను పంతమున్నది. ఒకదానిని నమ్మి రెండవదానిని త్రోసివేసినవారికి పాపన్న సగమే కనబడును.

అతడు 1650 ఆగస్టు 18వ తేదీన పుట్టెనని జనశ్రుతి. ఏటేట ఆనాడు జయంతి జరుపుచున్నారు. తల్లి సర్వమ్మ. గీత కార్మికుని కొడుకు పసితనముననే మోకు ముడి నేర్చుకొనును, ముస్తాదు మోయును, లొట్టి ఏ ఒడుపున కట్టవలెనో చూచి తెలిసికొనును. వేసవిలో ముంజెలకై చెట్టుక్రింద కాచుకొని యుండు ఈనాటి పిల్లలకు, చెట్టుపైనున్నవానికి లోకము ఎట్లు కనబడునో తెలియదు. పైనుండి చూచినవానికి గ్రామపు ఎల్లలు చిన్నవగును. దూరమున హైదరాబాదు ఓరుగల్లు బాట, దానిపై ధాన్యపు బస్తాల ఎద్దులు, వర్తకుల బండ్లు, కాపలా గుఱ్ఱములు కానవచ్చును. పాపన్న చూపు కల్లు లొట్టిమీద కంటె ఆ బాటమీదనే ఎక్కువ నిలిచెను కాబోలు. కులవృత్తి చేసికొని బ్రదుకుమని తల్లి బ్రతిమాలగా కొడుకు వినలేదని వీరగాథ చెప్పును.

అతడు యౌవనము దాటునాటికి దేశము తారుమారయ్యెను. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనెను. కుతుబ్‌షాహీల కొలువున పెరిగిన నాయకులు, జమీందారులు క్రొత్త ఏలికలకు లోబడియు లోబడక యుండిరి. పన్నులు వసూలు చేయు ఫౌజుదారులు వచ్చిరి. వారిని అదుపున నుంచగల బలము హైదరాబాదున లేదు. మరాఠా దళములు ఎప్పుడు ఎటనుండి వచ్చునో తెలియదు. ఇట్టి కాలమున ధైర్యముగలవానికి బాట ఒక పొలమువంటిది.

మొదటి దోపిడి మాత్రము బాటమీద జరుగలేదు. ధనవంతురాలగు తన సొంత అక్కను, ఆమె విధవరాలు, పాపన్న కొట్టి సొమ్ము లాగుకొనెనని ఖాఫీఖాను వ్రాసెను. శత్రువు వ్రాసినదే కావచ్చును గాని దీనిని దాటిపోవుట న్యాయము కాదు. ఆ సొమ్ముతోనే అతడు మనుష్యులను కూడగట్టుకొని, నేటి స్టేషను ఘనపురము మండలములోని తాటికొండ గుట్టమీద మోటుగా ఒక కోట కట్టి, బాటను పోవు వర్తకులను దోచుట మొదలుపెట్టెను. చుట్టుపట్ల ఫౌజుదారులు, భూస్వాములు ఏకమై తరుమగా నూరు మైళ్ళకు పైబడిన కౌలాసునకు పారిపోయెను.

కౌలాసు నేటి కామారెడ్డి జిల్లాలోనిది. అచ్చటి జమీందారు వెంకటరావు పాపన్నను తన సైన్యమున జమాదారుగా చేర్చుకొనెను. కొలువు కుదిరినను పాతబుద్ధి పోలేదు. దోపిడి చేయుచు పట్టుబడి చెరసాల పాలయ్యెను. నెలలు గడచినవి. అక్కడితో ఈ కథ ముగిసి యుండవలసినదే. ఇంతలో జమీందారుగారి కొడుకు జబ్బుపడెను. మందులు పనిచేయలేదు. ఎవరికైన మేలు చేసినచో ఆ పుణ్యము బిడ్డకు తగులునని తల్లి నమ్మి, భర్త చెరలోనున్న బందీలనందరిని విడిపించెను. ఆ గుంపులో పాపన్నయు బయటపడెను.

కోటగోడమీద కూర్చుండి కథ విను పిల్లలకు ఈ ఘట్టము చక్కగా అర్థమగును. జ్వరముతో మూల్గు పిల్లవాడు, మంచముకడ కూర్చున్న తల్లి — ఇవి వారెరిగినవే. ఒక పసివాని జబ్బు లేకున్న ఖిలాషాపురపు కోట లేదు, 1708 నాటి ఓరుగల్లు దోపిడి లేదు, ఆ దోపిడిలో చెరపడిన బిడ్డల కన్నీరును లేదు. కౌలాసు రాణి చేసినది పుణ్యమా పాపమా యని పెద్దలు తర్కించుకొనవచ్చును. ఆమెకు ఆనాడు ఎదుట కనబడినది తన బిడ్డ ముఖమొక్కటే.

విడుదలయైన పాపన్న తన సీమకు మరలివచ్చి షాపురమున స్థిరపడెను. సర్వడను వీరుడు అతనితో కలిసెను. ఇక్కడ కూడ మొదట కట్టినది మోటు కోటయే. దోపిళ్ళు పెరిగినవి, కలవారి ఇండ్ల స్త్రీలను ఎత్తుకొనిపోవుట కూడ మొదలయ్యెను. మొర ఔరంగజేబు చెవివరకు పోయెను. ఆజ్ఞ హైదరాబాదు ఉపసుబేదారు రుస్తుందిల్‌ఖానుకు వచ్చెను. అతడు కొలనుపాక ఫౌజుదారగు కాసింఖానును పంపెను. ఆ పోరాటమున కాసింఖాను మరణించెను. అప్పుడు రుస్తుందిల్‌ఖాను తానే వచ్చి షాపురమును రెండు నెలలు ముట్టడించెను. పాపన్న, సర్వడు తప్పించుకొని పోయిరి. కోటను నేలమట్టము చేసి మొగలుసేన వెడలిపోయెను.

సేన వెడలిన తోడనే పాపన్న తిరిగి వచ్చెను. పడగొట్టినచోటనే ఈసారి రాయియు సున్నమును కలిపి గట్టి కోటను కట్టెను, ఫిరంగులు ఎక్కించెను. నేడు పిల్లలు ఎక్కి దిగుచున్నది ఈ పట్టుదలమీదనే. ఆ సమయముననే సర్వడును, పురదిల్‌ఖాను అను మరియొక సేనానియు ఏదో తగవులో ద్వంద్వయుద్ధము చేసి ఒకరిచే నొకరు చచ్చిరి. పాపన్న ఒంటరి నాయకుడయ్యెను. 1707లో రుస్తుందిల్‌ఖాను రెండవమారు తానే దండెత్తి వచ్చి, కొన్ని నెలలు ముట్టడించి, చివరకు డబ్బు పుచ్చుకొని వెనుదిరిగెను. ఆ యేడే ఔరంగజేబు చనిపోయెను. కుమారులు సింహాసనమునకై కొట్టుకొనుచుండిరి. పాపన్నకు అంతకంటె మంచి అదను దొరకదు.

1708 మార్చి 31వ తేదీ సాయంకాలము. మరునాడు అషూరా, మొహర్రము పదియవ దినము. ఓరుగల్లు పట్టణమున జనులు పీర్ల పండుగ సన్నాహమున నుండిరి. పాపన్న రెండు మూడు వేల కాల్బలముతో, గుఱ్ఱపు దళముతో వచ్చి, తెల్లవారకమునుపే బాటలను అడ్డగించి, త్రాటి నిచ్చెనలతో గోడలెక్కి లోపల దూకెను. కాకతీయుల ఓరుగల్లు ఒక గీత కార్మికుని కొడుకునకు చిక్కెను. రెండు మూడు దినములు అంగళ్ళు, ఇండ్లు దోచిరి.

తాటిచెట్టు నెక్కిన కాలు కోటగోడ నెక్కుట వింటే పిల్లలకు ఉత్సాహము కలుగును. అయితే ఓరుగల్లునుండి షాపురమునకు తీసికొనిపోబడినది ధనమొక్కటే కాదు. కలవారి కుటుంబములకు చెందిన స్త్రీలు, పిల్లలు వందలుగా చెరపట్టబడిరి. ఖాజీగారి భార్యయు, చిన్న కూతురును వారిలో నుండిరి. ఆ పసిదానిని ఆటకత్తెలకు అప్పగించి ఆ విద్య నేర్పించిరని ఖాఫీఖాను వ్రాతవలన తెలియుచున్నది. బందీ స్త్రీలకై షాపురము చెంత గోడ కట్టిన ఆవరణ ఒకటి ఏర్పాటయ్యెను. పిల్లలు దాగుడుమూతలాడు ఈ నేలమీదనే, వారి యీడు పిల్లలు తల్లి చెంగు పట్టుకొని మూడు శతాబ్దముల క్రిందట నడచి వచ్చిరి. పాపన్నను వీరుడని చెప్పువారు ఈ మాటను మింగివేయుదురు; దొంగ యని చెప్పువారు దీనిని తప్ప వేరొకటి చెప్పరు. కౌలాసులో ఒక తల్లి దయవలన బ్రదికి బయటపడినవాడు అనేకమంది తల్లులను చెరపెట్టెను. ఇది కథలో నుండవలసిన మాటయే. ఎనిమిదేండ్ల పిల్లకు ఎంతవరకు చెప్పవలెనన్నది ఆ యింటి పెద్దల విజ్ఞత.

ఓరుగల్లు తరువాత పాపన్న పల్లకీలో తిరుగ నారంభించెను. డచ్చి, ఇంగ్లీషు వర్తకులవద్ద 700 తుపాకులను కొనెను. ఇంకను విశేషమైనది ఒకటి కలదు. ధాన్యము మోయు బంజారాల బిడారులను అడ్డగించి పదిపన్నెండు వేల ఎద్దులను పట్టుకొని, వానిని నాగళ్ళకు కట్టించి తన భూములను దున్నించెను. దోచినది తిని కూర్చుండువాడు దుక్కి దున్నింపడు. ఏలుబడి చేయవలెనను తలపు అతనికి కలిగినదనుటకు ఫిరంగుల కంటె ఆ ఎద్దులే పెద్ద సాక్ష్యము.

అదే సంవత్సరము జూను 1వ తేదీన, ప్రవక్త జన్మదినోత్సవ సమయమున, భువనగిరిమీద దాడి చేసెను. ఊరు దోచి చాలమందిని చెరపట్టుకొనిపోయెను గాని ఆ కోట లొంగలేదు. ఒకే బండయగు ఆ కొండ నేటికిని ఎక్కువారి కాళ్ళను పరీక్షించుచునే యున్నది. 2014 మేలో పదమూడేండ్ల వయస్సున ఎవరెస్టు శిఖరము నెక్కిన మాలావత్ పూర్ణ మొదట బండలెక్కుట అభ్యసించినది ఆ భువనగిరి గుట్టమీదనే. పిల్లలతో ఖిలాషాపురము చూచినవారు తిరుగుదారిలో ఆ బండనుకూడ చూపింతురు.

1709 జనవరిలో క్రొత్త చక్రవర్తి బహదూరుషా తన తమ్ముడు కాంబక్షును హైదరాబాదు దాపున ఓడించెను. విజయుడై కొలువు తీర్చిన చక్రవర్తి యెదుటికి పాపన్న కానుకలతో పోయెను. 14 లక్షల రూపాయలు సమర్పించెను. చక్రవర్తి అతనికి గౌరవవస్త్రము నిచ్చెను. మోకు కట్టవలసిన నడుమున మొగలు ఖిల్లతు! సభలోని ఉన్నతవంశీయులకు ఇది మింగుడుపడలేదు. వారిలో కొందరి భార్యాబిడ్డలు ఇంకను షాపురమున చెరలోనే యుండిరి. పెద్దమనిషి షా ఇనాయతు మొదలగువారు మొర పెట్టుకొనిరి. ఒకచేత్తో ఇచ్చిన మన్నన రెండవచేత్తో వెనుకకు పోయెను. పాపన్నను రూపుమాపుమని హైదరాబాదు క్రొత్త సుబేదారు యూసుఫ్‌ఖానునకు ఆజ్ఞ వెడలెను. అతడు దిలావరుఖానును సేనతో పంపెను.

కోటను కూల్చినది దిలావరుఖాను కాదు. పాపన్న పొరుగు భూస్వామి కోటను ముట్టడించుచు ఊరిలో లేని సమయమున షాపురపు బందీలు తిరుగబడిరి. పాపన్న బావమరది ఒక ఫౌజుదారు. అతడును ఆ చెరలోనే యుండెను. భర్త యొకవైపు, తోడబుట్టినవాడు ఒకవైపు. పాపన్న భార్య అన్నములో ఆకురాళ్ళను దాచి పంపెను. సంకెళ్ళు కోసికొని బందీలు కావలివారిని పడగొట్టి కోటను పట్టుకొనిరి. పాపన్న పరుగున తిరిగి వచ్చునప్పటికి తన ఫిరంగులే తనమీద ప్రేలినవి. దిలావరుఖాను సేనయు వెనుకనే వచ్చెను. పాపన్న మరల మొదటి గుట్టకే, తాటికొండకే, చేరెను.

తాటికొండ ముట్టడి నెలల తరబడి సాగెను. 1710 మార్చిలో యూసుఫ్‌ఖాను స్వయముగా వచ్చెను. ఈ సీమ గుట్టలు మార్చి మొదలు మే వరకు ఎట్లుండునో పిల్లలతో వేసవిసెలవులలో ఎక్క ప్రయత్నించినవారికి తెలియును. పది గంటలకే రాయి పెనమగును, నీళ్ళ సీసాలు సగము దారిలోనే ఖాళీయగును. గుట్టలెక్కుటకు సంక్రాంతి దినములే మేలు. ఆ మండుటెండలలో పాపన్న సైనికులు మూడు నెలలు నిలిచిరి. పాపన్నను విడిచి వచ్చినవారికి రెట్టింపు జీతమని యూసుఫ్‌ఖాను చాటించగా కొందరు దిగిపోయిరి. మే నాటికి మందుగుండు నిండుకొనెను.

ఇక్కడ పిల్లలు మరల చెవులు రిక్కింతురు. పాపన్న వేషము మార్చుకొని, తన చెప్పులను, హుక్కాను ఒక ద్వారమువద్ద విడిచి, మరియొక ద్వారమున జారుకొనెను. చెప్పులను చూచినవారు అతడు అటే పోయెననుకొనిరి. కాలికి గాయము. రెండు దినములు ఎవరికిని జాడ తెలియలేదు.

హసనాబాదను ఊరిలో ఒక కల్లు దుకాణముకడ అతడు ఆగెను. దప్పికగొన్న గీత కార్మికుని కొడుకు ఇంకెక్కడ ఆగును? కల్లు పోసినవాడును ఆ కులమువాడే. మారువేషముననున్నను మనిషిని పోల్చుకొనెను. మంచి కల్లు తెచ్చెదనని కూర్చుండబెట్టి పోయి, సైనికులను తెచ్చెను. వారిని నడిపించుకొని వచ్చినది ఒకప్పుడు షాపురపు చెరలోనున్న బావమరదియే. దాచిన ధనమెక్కడనని కొన్నిదినములు ప్రశ్నించి, పాపన్నను అంగాంగములు ఖండించి చంపిరి. తలను చక్రవర్తి కొలువునకు పంపిరి. మొండెమును హైదరాబాదు నగరద్వారమున వ్రేలాడదీసిరి.

ఖాఫీఖాను కథ అక్కడ ఆగును, పాట ఆగలేదు. 1874లో బాయిలు అను ఇంగ్లీషువాడు తెలుగు వీరగాథలపై ఒక వ్యాసము ప్రకటించినప్పుడు అందు సర్వాయి పాపని పాటయు చేరెను. పాపన్న చచ్చి నూటఅరువది ఏండ్లు దాటెను, అయినను అతడెన్నడు కాలు పెట్టని బళ్ళారి ప్రాంతమున ఆ పాట బ్రదికి యుండెను. అతని దళములో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, ఎరుకల వారు పేరుపేరున ఆ పాటలో కనబడుదురు. హిందువులు, మహమ్మదీయులు ఒకే వరుసలో నిలుతురు. మొగలుల చరిత్రలో పేరులేనివారందరికి అందు పేరున్నది.

పొద్దు వాలుచుండగా కోట దిగుట ఎక్కుటకంటె కష్టము. పిల్లలను ముందుంచుకొని, కూలిన బండలపై ఒక్కొక్క అడుగు చూచుకొని దింపవలెను. దిగినపిమ్మట, తల్లిమాట వినక పోయినందుకు పాపన్నకు అట్లయ్యెనా యని చిన్నపిల్ల అడుగును. రైలు వేళయగుచున్నదని తల్లి దాని చేయి పట్టుకొని నడిపించును.